ఇరాన్ న్యాయవ్యవస్థ పెద్దలకు: ‘దర్యాప్తు’ అనే మాట మాకిచ్చింది మీరే

అయ్యా,

నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఇరవై ఏళ్లకు పైగా తెలుగు పత్రికల డెస్కుల్లో పనిచేసి మానేశాను. ఈ లేఖ తెలుగులోనే రాస్తున్నాను, ఎందుకంటే కోపం వచ్చినా బాధ కలిగినా నాకు సరిగ్గా చెప్పడం వచ్చేది ఈ భాషలోనే. మా ఊళ్లో, బంజారాహిల్స్‌లో మీ దేశపు కాన్సులేట్ ఉంది. ఒక ప్రతి అక్కడ ఇస్తాను. అనువాదం చేయించుకోవడం మీకు పెద్ద పని కాదు, పైగా చదువుతూ పోతే మీకు తెలిసిన మాటలు చాలానే తగులుతాయి.

హైదరాబాద్‌కు నక్షా గీసినవాడు మీ అస్తరాబాద్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ అని మేం ఎప్పటినుంచో వింటున్నాం. నిజాం దర్బారులో పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా రాతకోతలు పారసీలోనే నడిచాయి. అందుకే మా తెలుగువాళ్లు పోలీస్ స్టేషన్‌కో కోర్టుకో వెళ్తే నోట్లోంచి వచ్చేవి చాలావరకు మీ మాటలే. దరఖాస్తు మీది. దస్తావేజు మీది. రసీదు మీది. ఫిర్యాదు మీది, మీ దగ్గర దానికి కేక, మొర అని అర్థమట, మా దగ్గరికి వచ్చేసరికి స్టేషన్‌లో రాసిచ్చే కాగితం అయింది. వీటన్నిటికంటే నాకు ముఖ్యమైన మాట దర్యాప్తు. ఒక నేరం జరిగితే ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎవరు చేయించారు అని తవ్వి కనుక్కోవడాన్ని మేం దర్యాప్తు అంటాం. ఆ మాట మాకు మీ భాష నుంచే వచ్చింది. ఆ పని చేసినందుకే ఒక మనిషిని మీరు దాదాపు ఆరేళ్లు జైల్లో పెట్టారు.

ఆయన పేరు అక్బర్ గంజీ.

ఆయన పేరు నేను మొదటిసారి పట్టించుకున్నది 2005 జూలైలో. నాది నైట్ డ్యూటీ, విదేశీ పేజీ నా చేతిలో ఉంది. లండన్ బాంబు పేలుళ్లు జరిగి వారం కూడా కాలేదు, పేజీ అంతా అవే వార్తలు. వాటి మధ్యలో ఏజెన్సీ కాపీ ఒకటి వచ్చింది: టెహ్రాన్ ఎవిన్ జైల్లో నిరాహార దీక్షలో ఉన్న జర్నలిస్టు పరిస్థితి విషమించింది అని. దాంతోపాటు ఒక ఫొటో. మంచం మీద పడుకుని ఉన్న మనిషి, చెంపలు లోపలికి పోయి, పక్కటెముకలు లెక్కపెట్టగలిగేంత బక్కచిక్కి ఉన్నాడు. నేను హెడ్డింగ్‌లో ‘గంజి’ అని రాస్తే చీఫ్ సబ్ చూసి, మన జనం అన్నం వార్చిన గంజి అనుకుంటారు, దీర్ఘం పెట్టు అన్నారు. దీర్ఘం పెట్టాను. తిండి మానేసిన మనిషికి మా ఊళ్లలో ఆకలికి ఆఖరి ఆధారమైన గంజి పేరు ఉండటం ఆ రాత్రి నన్ను ఎందుకో వదల్లేదు. వార్త సింగిల్ కాలమ్‌లో అడుగున పడింది. ఫొటోకు చోటు లేదు. ఆ ఫొటో వేయనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎవరి మీదా నెపం వేయను, ఆ పేజీ పెట్టింది నేనే.

అప్పటినుంచి ఆయన గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ నాకు ఆశ్చర్యం వేసిన సంగతి ఏమిటంటే, ఆయన మీకు పరాయివాడు కాదు. 1960లో పుట్టాడు, దక్షిణ టెహ్రాన్ పేద బస్తీల్లో పెరిగాడు, 1979 విప్లవం వచ్చేనాటికి పంతొమ్మిదేళ్ల కుర్రాడు, మనస్ఫూర్తిగా ఆ విప్లవంలోకి దూకాడు, రివల్యూషనరీ గార్డ్స్ అనే సైనిక దళంలో పనిచేశాడు, ఆ తర్వాత సంస్కృతి, ఇస్లామిక్ మార్గదర్శక శాఖలో ఉద్యోగం చేశాడు. అంటే మీ ఇంటి బిడ్డే. ఇల్లు ఎలా నడుస్తోందో లోపలి నుంచి చూసి, చూసింది మింగుడు పడక బయటికి వచ్చి రాయడం మొదలుపెట్టాడు. 1997లో షిరాజ్ విశ్వవిద్యాలయంలో ఫాసిజం మీద ఉపన్యాసం ఇచ్చినందుకు మొదటిసారి జైలుకు పంపారు. బయటికి వచ్చాక ‘రాహ్ ఎ నౌ’ అనే వారపత్రిక పెట్టాడు. కొత్త దారి అని అర్థం. మా రహదారిలో ఉన్న రాహ్ కూడా అదే.

ఇక 1998 చలికాలం. ఆ నెలల సంగతి మీకు నేను చెప్పడం ఏమిటి అనుకోవచ్చు, కానీ ఈ లేఖ చదివే తెలుగువాళ్లు చాలామందికి తెలియదు, అందుకే చెబుతున్నాను.

నవంబర్ 22న టెహ్రాన్‌లో దారియూష్ ఫొరూహర్‌నూ ఆయన భార్య పర్వానేనూ సొంతింట్లో కత్తులతో పొడిచి చంపారు. విప్లవం తర్వాత ఏర్పడిన మొదటి ప్రభుత్వంలో కార్మిక మంత్రిగా చేసినవాడు దారియూష్, వయసు మీద పడినా ప్రశ్నించడం మానలేదు. పది రోజులు తిరిగాయో లేదో కవి మొహమ్మద్ మొఖ్తారీ ఇంటి నుంచి బయటికి వెళ్లి తిరిగి రాలేదు, తర్వాత శవం దొరికింది. డిసెంబర్ రెండో వారంలో మొహమ్మద్ జాఫర్ పూయందే మాయమయ్యాడు. ఆయన అనువాదకుడు, మానవ హక్కుల ప్రకటన గురించిన పుస్తకాన్ని పారసీలోకి తెచ్చిన మనిషి. ఆ ప్రకటనకు యాభై ఏళ్లు నిండిన వారంలోనే ఆయన్ని గొంతు నులిమి చంపి నగరం బయట పారేశారు. ఆ ఏడాది ఆగస్టులోనే పీరూజ్ దవానీ అనే మరో రచయిత కనిపించకుండా పోయాడు, ఆయన శవం కూడా దొరకలేదు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే 1996లో ఆర్మేనియా సాహిత్య సభకు వెళ్తున్న రచయితల బస్సును డ్రైవరే లోయలోకి వదిలేసి దూకాలని చూశాడు. లోపల ఇరవై మంది దాకా ఉన్నారు. ఎవరో బ్రేకు లాగబట్టి బతికారు. ఈ వరస హత్యలకు మీ దేశంలో గొలుసు హత్యలు అని పేరు పెట్టుకున్నారు.

1999 జనవరిలో మీ గూఢచార మంత్రిత్వ శాఖే ఒక ప్రకటన ఇచ్చింది, ఈ హత్యలు మా వాళ్లలో కొందరు దారితప్పి చేసినవి అని. నేను చాలా దేశాల వార్తలు అనువదించాను, ఒక గూఢచార శాఖ తన నోటితో తానే అలా ఒప్పుకోవడం ఇంకెక్కడా చూసిన గుర్తు లేదు. దాన్ని మీకు మంచి మార్కుగానే వేస్తాను. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? ముఖ్య నిందితుడు, ఆ శాఖలో ఉపమంత్రి స్థాయిలో పనిచేసిన సయీద్ ఇమామీ, జైల్లో స్నానానికి వెళ్లి వెంట్రుకలు ఊడగొట్టే మందు తాగి చచ్చిపోయాడని ఆ ఏడాది జూన్‌లో చెప్పారు. కేసుకు తల అనుకున్నవాడే పోయాడు. చనిపోయినవాడు ఇక ఏ పేరూ చెప్పడు కదా.

గంజీ అక్కడ మొదలుపెట్టాడు. అందరూ ఆగిపోయిన చోట.

‘సొబ్హె ఎమ్రూజ్’ లాంటి పత్రికల్లో వారం వారం రాసుకుంటూ పోయాడు. కత్తి పట్టినవాడి దగ్గర ఆగలేదు. చంపమన్నది ఎవరు, చంపొచ్చని మతం పేరుతో అనుమతి ఇచ్చింది ఎవరు, ఆ మాట పైనుంచి కిందికి ఎలా వచ్చింది అని అడిగాడు. పేర్లు రాస్తే పత్రిక మూసేస్తారు కాబట్టి మారుపేర్లు పెట్టాడు. ఎర్ర అంగీ పెద్దమనిషి, బూడిదరంగు పెద్దమనుషులు, షా కలీద్, అంటే అన్ని తలుపులూ తీసే తాళంచెవి. ఆ పేర్లకు పారసీలో వాడిన ‘ఆలీజనాబ్’ (పెద్దమనిషి), ‘సుర్ఖ్’ (ఎరుపు) అనే మాటలు హైదరాబాద్ పాతబస్తీలో ఇప్పటికీ వినిపిస్తాయి, అందుకేనేమో ఆ మారుపేర్లు నాకు పరాయివి అనిపించలేదు. ఎర్ర అంగీ ఎవరిదో మీ జనానికి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మాజీ అధ్యక్షుడు రఫ్సంజానీ 2000 ఫిబ్రవరి పార్లమెంటు ఎన్నికల్లో టెహ్రాన్‌లోని ముప్పై స్థానాల్లో ముప్పయ్యో వాడిగా గట్టెక్కి, సభ మొదలుకాకముందే ఆ సీటు వదిలేసుకున్నాడు. అందులో గంజీ రాతల పాత్ర చాలా ఉందని అప్పటి రాజకీయాలు చూసినవాళ్లంతా అంటారు. ఆ వ్యాసాలతో వేసిన పుస్తకాలు మీ దేశంలో ముద్రణ తర్వాత ముద్రణగా అమ్ముడుపోయాయి. నేను అనేది ఏమిటంటే, చీకట్లో జరిగిన పనిని మామూలు మనిషి పేపరు చదివి అర్థం చేసుకునేలా రాయడం అంత తేలిక కాదు. డెస్క్ మీద కూర్చుని కాపీలు దిద్దినవాళ్లకు తెలుస్తుంది ఆ కష్టం.

దీనికి జవాబు ఏమొచ్చింది? 2000 మార్చిలో ‘సొబ్హె ఎమ్రూజ్’ నడిపిన సయీద్ హజ్జారియన్ మీద టెహ్రాన్ నడిబొడ్డున కాల్పులు జరిపారు, బతికాడు గానీ మళ్లీ మామూలు మనిషి కాలేదు. ఏప్రిల్‌లో గంజీ బెర్లిన్‌లో ఒక సదస్సుకు వెళ్లి వచ్చాడు, ఇరాన్ ఎన్నికల తర్వాత దేశం ఎటు వెళ్తుందన్న చర్చ అది. ఏప్రిల్ 22న పట్టుకున్నారు. ఆ వారంలోనే డజనుకు పైగా పత్రికల్ని మూయించారు. ఎన్ని వందల మంది సబ్ ఎడిటర్లు, డీటీపీ వాళ్లు, మెషీన్ వాళ్లు ఆ వారం ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లి ఉంటారో నాకు ఊహకు అందుతుంది, మా దగ్గరా రాత్రికి రాత్రి పత్రికలు మూతపడ్డాయి, కారణాలు వేరైనా ఆ రాత్రి ఎలా ఉంటుందో తెలుసు.

విచారణలో ఆయన భయపడి వెనక్కి తగ్గుతాడని మీరు అనుకుని ఉంటారు. ఆయన కోర్టులోనే మారుపేర్ల ముసుగు తీసేశాడు. షా కలీద్ అంటే మాజీ గూఢచార మంత్రి అలీ ఫల్లాహియాన్ అని నిలబడి చెప్పాడు. పెద్ద మతపెద్దల పేర్లూ చెప్పాడు. వాళ్లు నిజంగా దోషులా కాదా అనేది తేల్చే స్తోమత నాకు లేదు, నేను న్యాయమూర్తిని కాదు. తేల్చాల్సింది మీరు. ఒక పౌరుడు కోర్టు హాల్లో నిలబడి హత్య కేసులో పేర్లు చెబితే, వాళ్లను పిలిపించి అడగడం న్యాయస్థానం పని. మీరు వాళ్లను బోనెక్కించలేదు, చెప్పినవాడికి శిక్ష వేశారు. 2001 జనవరిలో పదేళ్ల జైలు, ఆపైన అయిదేళ్లు బషాగర్ద్ అనే మారుమూల ప్రాంతానికి బహిష్కారం. మే నెలలో అప్పీలు కోర్టు దాన్ని ఆరు నెలలకు తగ్గించింది. అప్పటికే ఆయన ఏడాది లోపల ఉన్నాడు, ఆ లెక్కన మర్నాడే ఇంటికి పంపాలి. పంపలేదు. తీర్పు కొట్టేయించి జూలైలో ఆరేళ్లు వేయించారు. రహస్య సమాచారం సేకరించాడట, దేశ భద్రతకు ముప్పు తెచ్చాడట, వ్యవస్థకు వ్యతిరేకంగా ప్రచారం చేశాడట. రాసింది అబద్ధమైతే అది రహస్య సమాచారం ఎలా అవుతుంది? రహస్య సమాచారమే అయితే అది నిజమేనని మీరే ఒప్పుకున్నట్టు కాదా? ఇరవై ఏళ్లుగా ఈ ఒక్క ప్రశ్నకు నాకు సమాధానం దొరకలేదు.

సరిగ్గా అదే నెలల్లో హత్యల కేసు విచారణ కూడా జరిగింది, తలుపులు మూసుకుని. పద్దెనిమిది మంది గూఢచార సిబ్బందిని విచారించి పదిహేను మందికి శిక్షలు వేశారు. చనిపోయినవాళ్ల కుటుంబాలు ఆ విచారణకు వెళ్లలేదు, అసలు ప్రశ్న అడగని చోటికి వెళ్లి ఏం చేస్తాం అన్నారు. కింది వాళ్లకు శిక్షలు పడ్డాయి, తర్వాత తగ్గాయి కూడా. పై వాళ్ల గురించి అడిగినవాడు మాత్రం ఎవిన్‌లో ఉండిపోయాడు. ఆ కుటుంబాల తరఫున నిలబడిన లాయరు నాసర్ జరఫ్‌షాన్‌ను కూడా 2002లో జైల్లో వేశారు. ఫొరూహర్ దంపతుల కూతురు పరస్తూ ఫొరూహర్ చిత్రకారిణి, జర్మనీలో ఉంటుంది. తల్లిదండ్రుల సంస్మరణ జరపడానికి నవంబర్‌లో టెహ్రాన్ వస్తూ పోతూ ఉంది. చాలాసార్లు ఆ ఇంటి ముందు పోలీసుల్ని పెట్టి జనాన్ని లోపలికి వెళ్లనివ్వలేదు. అమ్మానాన్నలకు తద్దినం పెట్టుకోనివ్వకపోవడం అంటే ఏమిటో మా ఊళ్లో ఎవరికైనా చెప్పి చూడండి, ఏ మతం వాళ్లైనా సరే.

జైల్లో గంజీ ఏం చేశాడు? రాశాడు. 2002లో రిపబ్లికన్ మానిఫెస్టో రాసి బయటికి పంపాడు. ఇదివరకు సంస్కరణలతో బాగుపడుతుంది అనుకున్న మనిషి, ఇక దేశాన్ని జనం ఓటుతో మాత్రమే నడపాలి, ఏ ఒక్క మనిషీ ఓటుకు అతీతంగా ఉండకూడదు అనే దగ్గరికి వచ్చాడు. మీ జైలే ఆయన్ని అంత దూరం నడిపించింది అని నా అభిప్రాయం.

2005 మే నెలలో నిరాహార దీక్ష మొదలుపెట్టాడు. వైద్యం కోసం కొద్దిరోజులు ఇంటికి పంపారు, ఆ కొద్దిరోజుల్లోనూ విలేకరులతో మాట్లాడి సుప్రీం లీడర్ దిగిపోవాలి అన్నాడు. మళ్లీ లోపలికి. మళ్లీ దీక్ష. దాదాపు ఇరవై కిలోలు తగ్గిపోయాడు. ప్రపంచంలోని స్వేచ్ఛాప్రియులకు అంటూ జైలు నుంచి ఉత్తరాలు రాశాడు, పాడైపోయిన నా ముఖమే ఈ వ్యవస్థ అసలు ముఖం అనే అర్థంలో అందులో ఒక మాట ఉంటుంది. ఆ ఫొటోనే నేను పేజీలో పెట్టకుండా వదిలేసింది. జూలై మధ్యలో మిలాద్ ఆసుపత్రికి మార్చారు. పశ్చాత్తాపం ప్రకటిస్తూ ఒక కాగితం రాసిస్తే వదిలేస్తామన్నారు. రాయలేదు. ఇంటి దగ్గర భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఆయన లాయర్లలో ఒకరు నోబెల్ శాంతి బహుమతి అందుకున్న షిరీన్ ఎబాదీ, ఇంకొకరు అబ్దుల్‌ఫత్తాహ్ సుల్తానీ. ఆ జూలై నెలాఖరులో సుల్తానీని కూడా పట్టుకెళ్లారు. ఖైదీని అడిగేవాళ్లు లేకుండా చేయడానికి లాయరును ఖైదీ చేయడం, ఇది నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

ఆగస్టులో దీక్ష ఆపాడు. 2006 మార్చి మధ్యలో, మీ కొత్త సంవత్సరం నౌరోజ్‌కు రెండు మూడు రోజుల ముందు, ఇంటికి పంపారు. ఆ ఏడాది ప్రపంచ పత్రికల సంఘం గోల్డెన్ పెన్ పురస్కారం ఇచ్చింది, మాస్కో వెళ్లి తీసుకున్నాడు. తర్వాత ఇరాన్‌కు తిరిగి రాలేదు, అమెరికాలో ప్రవాసంలో ఉండిపోయాడు.

అదిగో అమెరికా, మేం ముందే చెప్పాం అంటారు మీరు. అనకండి. 2006లో వైట్‌హౌస్ నుంచి పిలుపు వస్తే వెళ్లను అన్న మనిషి ఆయన. మా ప్రజాస్వామ్యానికి అమెరికా డబ్బు వద్దు, మా దేశం మీద యుద్ధం వద్దు అని అమెరికా పత్రికల్లోనే రాశాడు. 1953లో మీ మొసద్దెక్ ప్రభుత్వాన్ని అమెరికా, బ్రిటన్ గూఢచారులు ఎలా కూల్చారో మేమూ చదువుకున్నాం, మీ అనుమానానికి కారణం లేకపోలేదని ఒప్పుకుంటాను. 2025 జూన్ 23న ఇజ్రాయెల్ ఎవిన్ జైలు మీదే బాంబులు వేసింది, 71 మంది చనిపోయారని మీ న్యాయశాఖ ప్రతినిధే మొదట ప్రకటించారు. ఖైదీలు, సిబ్బంది, ఖైదీల్ని చూడటానికి వచ్చిన బంధువులు. అది ఘోరం, దాన్ని సమర్థించే ఎవరితోనూ నాకు పొత్తు లేదు. అయితే బయటి శత్రువు ఉన్నాడని లోపల రాసేవాళ్లందరినీ ఆ శత్రువు ఖాతాలో వేస్తే, శత్రువుకు మీరే ఉచితంగా మనుషుల్ని ఇచ్చినట్టు అవుతుంది, గంజీ లాంటి వాళ్లను కూడా.

ఇదంతా పాత కథ, ఇప్పుడెందుకు అంటారేమో. పాతది కాదు. 2022 సెప్టెంబర్‌లో, హిజాబ్ సరిగ్గా వేసుకోలేదని పోలీసులు పట్టుకెళ్లిన మహసా అమీనీ చనిపోయినప్పుడు ‘షర్గ్’ పత్రిక విలేకరి నీలూఫర్ హమేదీ ఆసుపత్రికి వెళ్లింది, కారిడార్‌లో ఒకరినొకరు పట్టుకుని నిలబడిన ఆ పిల్ల ఇంటివాళ్ల ఫొటో బయటపెట్టింది. ‘హమ్‌మీహన్’ పత్రిక విలేకరి ఇలాహే మొహమ్మదీ అంత్యక్రియలు చూడటానికి సఖ్ఖెజ్ వెళ్లి వార్త రాసింది. వాళ్లు చేసిన నేరం ఇంతే: ఒకరు ఆసుపత్రికి వెళ్లారు, ఒకరు శ్మశానానికి వెళ్లారు. మా దగ్గర ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ట్రైనీకి చెప్పే పని ఇది, స్పాట్‌కు వెళ్లు, చూసింది రాయి అని. వాళ్లకు అమెరికాతో చేతులు కలిపారంటూ 2023 అక్టోబర్‌లో పదమూడేళ్లు, పన్నెండేళ్లు వేశారు. పదిహేడు నెలలు లోపల ఉంచి బెయిల్ ఇచ్చారు, తర్వాత అమెరికా ఆరోపణ అప్పీలులో నిలబడలేదు, చివరికి 2025 ఫిబ్రవరిలో క్షమాభిక్ష అన్నారు. తప్పు చేయనివాళ్లను క్షమించడం ఏమిటి? వాళ్ల జీవితాల్లోంచి పోయిన ఆ పదిహేడు నెలలకు ఎవరు ఎవర్ని క్షమించాలి?

గంజీకి 2001లో మీరు రాసిన అభియోగపత్రాన్నీ ఈ ఇద్దరమ్మాయిలకు రాసిన దాన్నీ పక్కపక్కన పెట్టి చదివాను. దేశ భద్రత, ప్రచారం, కుట్ర. ఇరవై రెండేళ్లలో మాట కూడా మారలేదు.

మీ దేశంలో మాత్రం ఇలాంటివి లేవా అని అడిగే హక్కు మీకు ఉంది. ఉన్నాయి. విజయవాడలో ‘ఎన్‌కౌంటర్’ పత్రిక నడిపిన పింగళి దశరథరామ్‌ను 1985లో చంపేశారు. 2020లో హాథ్‌రస్ వెళ్తున్న సిద్దిఖ్ కప్పన్ అనే మలయాళీ విలేకరిని దారిలోనే పట్టుకుని రెండేళ్లకు పైగా జైల్లో ఉంచారు. నేను పనిచేసిన ఒక పత్రికకు పల్లె నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్ ఒకాయన ఉండేవాడు, ఇసుక లారీల మీద నాలుగు వార్తలు రాశాడు, నాలుగూ నేనే దిద్ది పేజీలో పెట్టాను. అయిదో వార్త రాకముందే ఆయన మీద కేసు పెట్టారు. యాజమాన్యం ఆయన మా ఉద్యోగి కాదు అని ఒక్క ముక్కలో చేతులు దులుపుకుంది. జామీను ఇవ్వడానికి వాళ్లన్నయ్య ఎకరం కాగితాలు పట్టుకుని కోర్టు చుట్టూ తిరిగాడు. తర్వాత ఆయన వార్తలు పంపడం మానేశాడు. ఒకసారి ఫోన్ చేస్తే, రాయడం మర్చిపోయానన్నా అన్నాడు. ఆయన అబద్ధం చెబుతున్నాడని నాకు తెలుసు, నేను ఇంకేమీ అడగలేకపోయాను. కాబట్టి పైనుంచి కూర్చుని మీకు నీతులు చెప్పడం లేదు. ఇక్కడ జరిగినప్పుడు ఇక్కడి వాళ్లకు రాశాను, రాస్తాను. మీ దగ్గర జరిగింది కాబట్టి మీకు రాస్తున్నాను.

గంజీ చేసింది నాకు ఇంతగా పట్టింది ఎందుకంటే, ఆయన చేసింది మా పనే, మేం ఎక్కడైతే టెన్షన్ పడి ఆగిపోతామో ఆయన అక్కడ ఆగలేదు. వార్తలో చేసినవాడి పేరు రాయడం సులువు, లారీ డ్రైవర్ పేరు, కత్తి పట్టినవాడి పేరు. లారీ ఎవరిది, కత్తి ఎవరు ఇచ్చారు అని రాయాల్సివచ్చినప్పుడే చేతులు వణుకుతాయి. ఆయన చేతులు వణికాయో లేదో నాకు తెలియదు, రాసిన అక్షరం మాత్రం వణకలేదు.

ఇక నా దరఖాస్తు. 1998 హత్యల కేసు ఫైలు బయటపెట్టండి. గంజీ కోర్టులో చెప్పిన పేర్ల మీద దర్యాప్తు జరిగిందా లేదా, జరిగితే ఏం తేలింది, జరగకపోతే ఎందుకు జరగలేదు, ఇది మీ దేశ ప్రజలకు చెప్పండి. ఆయన రాసింది తప్పయితే తప్పని రుజువులతో చూపించండి, అది చేసే అధికారం, కాగితాలు, సాక్షులు అన్నీ మీ దగ్గరే ఉన్నాయి, ఒక విలేకరి దగ్గర ఉన్నది ఒక పెన్ను. వార్త రాసినందుకు ఇప్పుడు మీ జైళ్లలో ఉన్నవాళ్లను వదిలిపెట్టండి, క్షమాభిక్ష కింద కాదు, కేసు తప్పు అని ఒప్పుకుని. వాళ్ల లాయర్లను వాళ్ల పక్కన నిలబడనివ్వండి. నవంబర్ 22న ఫొరూహర్ ఇంటి ముందు నుంచి పోలీసుల్ని తీసేయండి, వచ్చినవాళ్లను లోపలికి వెళ్లి దీపం పెట్టుకోనివ్వండి. ఇందులో మీకు డబ్బు ఖర్చయ్యే పని ఒక్కటీ లేదు.

సోమవారం పొద్దున ఈ లేఖ తీసుకుని మీ కాన్సులేట్‌కు వస్తాను. 2005లో నేను వేయని ఆ ఫొటోను ప్రింట్ తీయించి దీనికి జతచేస్తున్నాను. గేటు దగ్గర కాగితం తీసుకుని వెళ్లిపొమ్మంటే వెళ్లను. అందినట్టు ఒక రసీదు ఇప్పించండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక మాజీ సబ్ ఎడిటర్